తూనీగకు కళ్ళెందుకు

...అసలు భయం కంట్లో పుడుతుందా, కడుపులోనా? కంట్లో అయితే కళ్ళు మూసుకోగానే పోవాలి. చీకటి గదిలో పడుకున్నవాడికే అది ఎక్కువ. కడుపులో అయితే తిన్నాక తగ్గాలి. తూలూజ్ ఊళ్ళో భోజనం చేసిన మనిషిని దేనికైనా ఒప్పించవచ్చు, నిజమే, కాని దాన్ని ధైర్యం అనవచ్చా అని ఆర్మెల్ కజ్‌నావ్ ఆలోచిస్తూండగా, ఎవరో "మెట్ల కడ్డీ" అన్నారు.

ఆమె తలెత్తింది. సమావేశం మొదలైపోయింది.

విమానాలు తయారుచేసే ఆ సంస్థలో ఏ సమావేశమైనా భద్రతా నిమిషంతోనే మొదలవుతుంది. వంతు వచ్చిన ఉద్యోగి లేచి, ప్రాణరక్షణకు పనికొచ్చే మంచి మాట ఒకటి చెప్పి కూర్చోవాలి. ఆ రోజు వంతు బరువుల విభాగాధిపతి తిబో రుకెట్‌ది. మెట్లు దిగేటప్పుడు కడ్డీ పట్టుకోవాలనీ, రెండో చేతిలో కాఫీ కప్పు ఉంటే దానికి మూత ఉండి తీరాలనీ ఆయన గంభీరంగా చెప్పాడు. అందరూ తలలూపారు. ఒకరిద్దరు రాసుకున్నారు కూడా. మనిషి ప్రాణం పట్ల ఇంత శ్రద్ధ కనబరిచాక, విమానానికి ఉన్న కిటికీలన్నీ తీసేయాలన్న తీర్మానం మీదికి సభ వెళ్ళింది.

కొత్త విమానం పేరు లిబెల్యూల్. అంటే తూనీగ. తలంతా కళ్ళే అయిన పురుగు పేరును కిటికీలు లేని విమానానికి ఎందుకు పెట్టారని ఎవరూ అడగలేదు. పేర్ల సంఘం వేరు, కిటికీల సంఘం వేరు. ఒకరి గదిలోకి ఒకరు తొంగిచూడటం ఆ సంస్థ సంప్రదాయం కాదు.

న్యాయంగా చెప్పుకోవాలంటే విమానం మంచిదే. రెక్కలూ పొట్టా ఒకటైపోయి, గాలిలో వెడల్పాటి టేకు చేపలా సాగిపోయే ఆకారం. తక్కువ ఇంధనం తాగుతుంది, తక్కువ పొగ వదులుతుంది, చప్పుడు కూడా తక్కువ. చిక్కల్లా ఒకటే. పొట్ట వెడల్పు కాబట్టి లోపల జనం సినిమా హాల్లోలా వరసలుగా కూర్చుంటారు, కిటికీ అంచున ఉన్నవాళ్ళకే దక్కుతుంది. ఈ దేశంలో కొందరికి మాత్రమే దక్కేది ఏదైనా చర్చకు వస్తుంది.

భవిష్యత్ విమానాల సంచాలకుడు ముస్యూ ఎస్కూబె లేచి నిలబడ్డాడు. "మిత్రులారా! కిటికీ అంటే ఏమిటి? అంచున కూర్చున్న పదిమంది మేఘాలు చూస్తూ ఉంటే, నడుమ కూర్చున్న వందలమంది ఆ పదిమంది వీపులు చూడటం. ఇది రాచరికం వదిలిపెట్టిన చివరి అవశేషం. మన పూర్వీకులు రాజుల తలలు తీశారు. మనం కిటికీలైనా తీయలేమా? అందరికీ కిటికీ ఇవ్వలేనప్పుడు ఎవరికీ ఇవ్వకపోవడమే సమానత్వం!"

చప్పట్లు మోగాయి. కిటికీల స్థానంలో గోడల నిండా తెరలు వస్తాయి. బయటి కెమెరాలు చూసింది లోపలి తెరలు చూపిస్తాయి.

అయితే బయట ఉన్నది ఉన్నట్టు చూపిస్తే కిటికీకీ తెరకూ తేడా ఏముంది? అక్కడ ఆర్మెల్ అవసరం పడింది. ఆమె మానవ స్వభావ విభాగానికి అధిపతి. ఆ విభాగంలో ఆమె ఒక్కతే. విమానాల్లో మనుషులు కూడా ఉంటారన్న సంగతి సంస్థకు తెలుసనడానికి ఆమె జీతమే సాక్ష్యం. భయం గురించి ఆమె ఒకప్పుడు పెద్ద గ్రంథం రాసింది. అందులో ఒక వాక్యాన్ని మాత్రం సంస్థ చదివింది: కలవరపెట్టే దృశ్యం కనబడితే ప్రయాణికుడి గుండె వేగం పెరుగుతుంది. కాబట్టి కలవరపెట్టే దృశ్యాలు తీసేస్తే సరి. పిడుగులు, కారుమబ్బులు, మరీ దగ్గరగా వచ్చిన కొండలు, వణుకుతున్న రెక్క కొస, వీటన్నిటినీ ఏరిపారేసి ఆ జాగాలో హాయైన బొమ్మ నింపే యంత్రాంగం తయారైంది. దాని పేరు ప్రశాంతతా జల్లెడ. హాయైన బొమ్మలు ఎంచింది ఆర్మెలే. ఎక్కువగా పొద్దుతిరుగుడు తోటలు. మనసు బాగులేని రోజుల్లో ఆమె ప్రయోగశాలలో తలుపేసుకుని ఆ తోటల ముందు కూర్చునేది. అదీ ప్రయోగంలో భాగమేనని తనకు తాను చెప్పుకునేది.

ఆమె కోరింది ఒక్కటే. ప్రయాణికులకు కిటికీలు పోతే పోయాయి. తలుపుకు మాత్రం సాసరంత గాజు ఒకటి ఉండాలి. ప్రమాదం జరిగినప్పుడు పరిచారిక తలుపు తెరిచేముందు బయటికి చూస్తుంది. అటు మంట ఉంటే ఆ తలుపు ముట్టుకోదు, రెండో వైపు తెరుస్తుంది. తెర మీద ఆ మంటను జల్లెడ ఏరేస్తే ఆమె చూసేది పొద్దుతిరుగుడు పూలు. ఈ సంగతి మీద ఆర్మెల్ పట్టుబట్టింది. గాజు పెట్టేదాకా భద్రతా పత్రం మీద సంతకం చేయనంది. ఆమె సంతకం లేనిదే లిబెల్యూల్ గడప దాటదు.

సంస్థ కోప్పడలేదు. భోజనానికి పిలిచింది.

అక్కడ నిర్ణయాలన్నీ భోజనం దగ్గరే జరుగుతాయి. మద్యం, చిక్కుడుగింజలూ బాతుమాంసమూ వేసి ఉడికించిన కుండ కూర, ఆ తర్వాత చీజ్, ఆ తర్వాత తీపి. అభ్యంతరాలు ఏవైనా చీజ్ రాకముందే చెప్పాలి. చీజ్ వచ్చాక అభ్యంతరం చెప్పడం, చావింట్లో పాట పాడటం లాంటిది. రాతలో ఎక్కడా లేని ఈ నియమాన్ని, రాతలో ఉన్న నియమాలకన్నా గట్టిగా అందరూ పాటిస్తారు.

"సాసరంత గాజు, అంతే కదా తిబో! దానికింత రాద్ధాంతమా?" అంది ఆర్మెల్.

"సాసరంత అంటావ్. గాజుకి చట్రం కావాలి. చట్రానికి రబ్బరు కావాలి. రబ్బరుకి బిగింపులు కావాలి. నువ్వడిగేది సాసర్ కాదు తల్లీ, వంటిల్లు," అన్నాడు రుకెట్.

బరువు తగ్గించడం ఆయనకు ఉద్యోగం కాదు, మతం. ఆదర్శంగా ఉండాలని గడ్డం తీయించుకున్నాడు. పచ్చదనానికి గుర్తుగా విమానం తోక మీద ఆకు బొమ్మ వేయాలనుకున్నప్పుడు, ఆ రంగు బరువూ, ఆ బరువు మోయడానికి కాలే ఇంధనమూ లెక్కగట్టి, ఆకు వల్ల పర్యావరణానికి హాని అని తేల్చింది ఆయనే. ఆకు పోయింది. ఆకు లేదన్న సంగతి చాటుతూ నునుపు కాగితం మీద ఒక లావుపాటి పుస్తకం అచ్చయింది. దాన్ని పంచడానికి బృందమంతా విమానంలో పారిస్ వెళ్ళొచ్చింది. రైల్లో వెళ్ళవచ్చు కదా అన్న సూచనను కూడా ఎవరూ తోసిపుచ్చలేదు. దాని మీద పారిస్‌లో వరసగా సమావేశాలు జరిగాయి.

"మరి గోడల నిండా తెరలు పెడుతున్నారే, వాటి బరువు?" అంది ఆర్మెల్.

"తెరల బరువు నా ఖాతాలోకి రాదు. అది ఎలక్ట్రానిక్స్ వాళ్ళది."

"గాల్లోకి లేచేది విమానమా, ఖాతాలా?"

"నన్నడిగితే ఖాతాలే. విమానం ఇంకా లేవలేదుగా," అని రుకెట్ కూర వడ్డించుకున్నాడు.

ఎస్కూబె గ్లాసు కింద పెట్టి మెత్తగా అన్నాడు: "చూడండి ఆర్మెల్, మీరు మనసుల నిపుణులు. మీరే గాజు కావాలంటే జనం ఏమనుకుంటారు? మన తెర మీద మనకే నమ్మకం లేదనుకోరూ?"

"నమ్మకం ఉన్నా లేకపోయినా మంట మంటే కదా ముస్యూ!"

"అదిగో, మళ్ళీ మంట! ఈవిడకి పెళ్ళి విందులో కూర్చోబెట్టినా మంటలే కనబడతాయి. కొంచెం మద్యం పుచ్చుకో ఆర్మెల్, పొద్దుతిరుగుడు పూలు కనబడతాయి," అన్నాడు రుకెట్.

అందరూ నవ్వారు. ఆర్మెల్ కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో ఆమెకు తెలుసు, తెలియడమే ఆమె వృత్తి: గుంపులో ఒక్కడు నవ్వకపోతే మిగతావాళ్ళకు అతను కనబడతాడు. ఇంకా ఏదో అనబోయింది. అప్పుడే చీజ్ వచ్చింది.

ఎస్కూబె మొండివాడు కాదు. శాస్త్రం ఏం చెబితే అదే చేద్దామన్నాడు. పెద్ద షెడ్డులో లిబెల్యూల్ నమూనా ఒకటి ఉంది, ఎగరదుగాని లోపలంతా అసలు విమానమే. అందులో జనాన్ని కూర్చోబెట్టి ఖాళీ చేయించే పరీక్ష పెట్టారు. ఒక తలుపు వెలుపల మంటకు గుర్తుగా ఎర్ర దీపం వెలిగిస్తారు. ఆ తలుపు తెరవకుండా, రెండో తలుపు గుండా అందరూ తొంభై సెకన్లలో బయటపడాలి.

ఆ ఊళ్ళో దేనికైనా పావుగంట ఆలస్యంగా రావడం మర్యాద. ప్రమాదం నుంచి తప్పించుకునే సందర్భంలో ఈ మర్యాదను సడలించాలా అన్న విషయమై కొంత వాదన జరిగి, చివరికి సడలించారు. దీపం ఎడమ తలుపు వెలుపల వెలిగింది. జల్లెడ దాన్ని ఏరేసింది. పరిచారికకు ఎడమ తలుపు తెర మీద పొద్దుతిరుగుడు తోట కనబడింది, కుడి తలుపు తెర మీద సిమెంటు గోడ. ఆమె సహజంగానే తోటవైపు తెరిచింది. అందరూ చకచకా మంటలోకి దిగిపోయారు.

నియమాల ప్రకారం వాళ్ళంతా కాలిపోయినట్టు లెక్క. వాళ్ళకు తలా ఒక రొట్టెముక్క ఇచ్చి, ప్రయాణం ఎలా ఉందని అడిగారు. సంస్థ చరిత్రలో ఏ ప్రయాణికులూ ఇంత సంతృప్తి వెలిబుచ్చలేదు. ఎక్కువగా కాలినవాళ్ళు ఎక్కువ సంతృప్తిగా ఉన్నారు. వ్యవధిలోపల దిగారు కాబట్టి పరీక్ష సగం నెగ్గినట్టేనని నిర్ణయించారు. లోపం ఎర్ర దీపంలో ఉందనీ, ఎరుపును జల్లెడ కలవరంగా భావిస్తుంది కాబట్టి ఇకముందు మంటకు నీలిరంగు వాడాలనీ ఒక ఉపసంఘం సిఫార్సు చేసింది.

"అసలు మంట నీలంగా వస్తుందా ముస్యూ?" అని అడిగింది ఆర్మెల్.

ఎస్కూబె ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "మీరు అలిసిపోయారు. ఉపమంత్రిగారు వస్తున్నారు, విలేకరులు వస్తున్నారు. వాళ్ళ ముందు మళ్ళీ పరీక్ష చేస్తాం. దీపమూ వద్దు, మంటా వద్దు. ఎడమ తలుపు తెరవడం, దిగడం, అంతే. తర్వాత సంతకం పెట్టేయండి. పెట్టనంటే నేను బలవంతం చేయను. నడుం బెల్టు బిగించినప్పుడు వచ్చే క్లిక్ చప్పుడుకి ఒక విభాగం తెరుస్తున్నాం. ప్రశాంతమైన పని. మీకు నచ్చుతుంది."

ఆ సాయంత్రం ఆర్మెల్ కాలువ గట్టున తన గదిలో కూర్చుంది. ఎండ పోయినా కిటికీ చెక్క రెక్కలు తెరవలేదు. ఆ ఊళ్ళో వేసవి అంతా అలా మూసుకునే బతుకుతారు. ఇంట్లో ఉన్న కిటికీ తెరవని మనిషి విమానానికి కిటికీ ఎందుకు అడుగుతున్నట్టు? జనం ప్రాణం కోసమా, తనే గెలవాలనా? సాసరంత గాజు పెడితే మాత్రం ఎవరు చూస్తారు? మనిషికి చూడాలని ఉండదు, చూస్తున్నానన్న తృప్తి ఉంటే చాలు. ఈ మాట గ్రంథంలో రాసి ఉండాల్సింది అనుకుంది. రాస్తే సంస్థ ఈ వాక్యం కూడా చదివేదేమో అని భయమేసి, రాయనందుకు సంతోషించింది. కాని గాజు మాట విడిచిపెట్టలేకపోయింది. క్లిక్ చప్పుడు మాటా మనసులోంచి పోలేదు.

ఉపమంత్రి వచ్చిన రోజున ఓటాన్ గాలి వీచింది. ఆగ్నేయం నుంచి వచ్చే ఆ గాలికి మతిపోతుందని ఊరందరి నమ్మకం. ఆ గాలి వీచిన రోజున చేసిన తప్పులు ఎవరూ పట్టించుకోరు. అందుకే చాలామంది తమ తప్పుల్ని ఆ రోజులకోసం దాచుకుంటారు.

అదే రోజు, విమానాలకు కిటికీలు బిగించే కిటికీల శాఖ సమ్మె. సమ్మె చేయబోతున్నామని వాళ్ళు పద్ధతిగా తెలియజేశారు. సంస్థ కూడా పద్ధతిగా అంగీకరించింది. సమ్మె అన్నాక చెక్కలు తగలబెట్టాలి, ఆ నిప్పు మీద కారపు సాసేజ్‌లు కాల్చుకోవాలి. అది లేనిదే సమ్మె కింద లెక్కకు రాదు. నిప్పు ఎక్కడ పెట్టుకోవాలన్న విషయమై ఇరుపక్షాల సంఘం కూర్చుని, ఎండ తగలని చోటు కావాలన్న కార్మికుల కోరిక న్యాయమైనదేనని ఒప్పుకుని, పరీక్ష షెడ్డు పక్కన, షెడ్డులోంచి బయటికి పొడుచుకొచ్చిన లిబెల్యూల్ ఎడమ రెక్క నీడలో స్థలం కేటాయించింది. గాలి గురించి మాట్లాడాల్సిన సంఘం వేరు.

ఆర్మెల్ వచ్చేసరికి కిటికీ చట్రాలు వచ్చిన చెక్కపెట్టెలు గుట్టగా పోసి ఉన్నాయి. కార్మిక నాయకురాలు జోజియాన్ పెష్ అట్టముక్కతో నిప్పు విసురుతోంది.

"ఏం మదామ్, మనసులు చదివే మదామ్! మా మనసులో ఏముందో చెప్పండి చూద్దాం!"

"కోపం."

"ఆకలి! పొద్దున్నుంచీ ఈ పాడుగాలికి బొగ్గు అంటుకుంటే ఒట్టు. ఉండండి, ఒక సాసేజ్ తిని వెళ్ళండి."

"జోజియాన్, మీరూ కిటికీల కోసమే కదా పోరాడుతున్నారు? తలుపుకి గాజు ఉండాలని మీ డిమాండ్లలో ఒక్క ముక్క చేర్చండి. నేను ఒక్కదాన్నే అరుస్తుంటే ఎవరూ వినట్లేదు."

జోజియాన్ విసరడం ఆపింది. "చేరుద్దును మదామ్. కాని డిమాండ్లు అచ్చయిపోయాయి. అయినా మాకు కావాల్సింది కిటికీలు కాదండీ, కిటికీల శాఖ. కిటికీల్లేకపోయినా శాఖ ఉంటే చాలు. ఆ ఎస్కూబెకి చెప్పండి, కిటికీలన్నీ మూసేసుకోమనండి, కాని మూసే పని మాకే ఇమ్మనండి!"

వెనకనున్నవాళ్ళు ఈలలు వేశారు. ఎవరో నిప్పులో ఇంకో పెట్టె పడేశారు.

లోపల లిబెల్యూల్ కిటకిటలాడుతోంది. ముందు వరసలో ఉపమంత్రి, ఆయన వెనక విలేకరులు, వాళ్ళ వెనక సంస్థ పెద్దలు. ఎడమ తలుపు పిడి మీద చెయ్యి వేసి పరిచారిక సిద్ధంగా నిలబడింది. అటు చివర కుడి తలుపు దగ్గర ఎస్కూబె గడియారం పట్టుకున్నాడు. ఆర్మెల్ అందరికీ వెనకాల తన బల్ల దగ్గర కూర్చుంది. ఆ బల్ల మీద ఒక చిన్న తెర ఉంది. జల్లెడ పట్టని అసలు దృశ్యం, అదీ ఎడమవైపుది మాత్రమే, కనబడేది అందులో ఒక్కదాంట్లోనే.

ఉపమంత్రి కూర్చున్నచోటు నుంచే ప్రసంగించాడు. "ఈ గోడలు చూస్తుంటే నాకు భవిష్యత్తు కనబడుతోంది. పర్యావరణాన్ని చూడాల్సిన అవసరం లేకుండానే పర్యావరణాన్ని కాపాడుతున్న తొలి దేశం మనదే!"

గోడల నిండా పొద్దుతిరుగుడు తోటలు ఊగాయి. అప్పుడే గాలి తిరిగింది.

చిన్న తెరలో ఆర్మెల్ చూసింది. సాసేజ్‌ల నిప్పు చెక్కపెట్టెల గుట్టకు పాకింది. గుట్ట మీంచి ఒక మంట లేచి ఎడమ రెక్క కింద వేలాడుతున్న గుడ్డ తొడుగును అందుకుంది. కార్మికులు బకెట్లకోసం పరిగెడుతున్నారు. జోజియాన్ నోరు తెరుచుకుని ఉంది, మాట మాత్రం వినబడటంలేదు. చప్పుడు తక్కువ విమానం కదా.

లోపలికి పొగవాసన వచ్చింది.

"వాసన కూడా పెట్టారా!" అన్నాడు ఒక విలేకరి. "పల్లెటూళ్ళో చలిమంట వాసన. అద్భుతం!"

"చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్ళో అచ్చం ఇలాగే ఉండేది," అని ఉపమంత్రి కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకోక తప్పలేదు, కళ్ళు మండుతున్నాయి.

ఆర్మెల్ లేచి నిలబడి అరిచింది. "నిప్పు! ఎడమవైపు నిజంగా నిప్పు అంటుకుంది! ఆ తలుపు తెరవకండి!"

కొందరు చప్పట్లు కొట్టారు. రుకెట్ వెనక్కి తిరిగి, "ఈవిడకి మళ్ళీ మంటలు కనబడుతున్నాయి," అన్నాడు.

ఆర్మెల్ జల్లెడ ఆపేసింది.

పూలు మాయమయ్యాయి. గోడ పొడుగునా మంట, నల్లటి పొగ, బకెట్లతో పరిగెత్తే మనుషులు. అందరి తలలూ అటు తిరిగాయి. ఆర్మెల్ గుండె ఆశతో కొట్టుకుంది. చూశారు. ఇక లేస్తారు.

"ఎవరు తీశారండీ ఈ బొమ్మ? ఏం అభిరుచి ఇది!" అంది ఒకావిడ.

"ఇది రాజకీయం!" అన్నాడు ఇంకొకడు. "సమ్మెవాళ్ళు తెరని చేజిక్కించుకున్నారు!"

"మదామ్," అన్నాడు ఉపమంత్రి ఓపికగా, "సమ్మెల గురించి నాకు తెలియదనుకోకండి. వాళ్ళ బాధ నేను ఆఫీసులో వింటాను. ఇప్పుడు దయచేసి పూలు పెట్టండి."

"పూలు! పూలు!" అని వెనక వరసలు అందుకున్నాయి.

ఎస్కూబె అటునుంచి, "కానివ్వమ్మా, ఎడమ తలుపు!" అని పరిచారికకు సైగచేశాడు. ఆ అమ్మాయి తెరవైపు చూసి, సంచాలకుడివైపు చూసి, ఆ రెంటిలో జీతం ఇచ్చేదేదో గుర్తుచేసుకుని, పిడి తిప్పబోయింది.

ఆర్మెల్ కంగారు ఒక్కసారిగా చల్లారిపోయింది. ఇరవయ్యేళ్ళ చదువు ఆ క్షణంలో ఒక కొసకు వచ్చి నిలబడింది. నిప్పు చూపిస్తే మనుషులు కదలరు. బొమ్మల పేటికలో గబగబా వెతికింది. సంస్థ వార్షిక విందు బొమ్మ ఒకటి దొరికింది. తెల్లటి గుడ్డ పరిచిన పొడవాటి బల్ల, మంచు మీద పేర్చిన రొయ్యలు, బాతుమాంసపు ముద్ద రాసిన రొట్టెముక్కలు, వరసగా నింపిన గ్లాసులు. దాన్ని కుడి తలుపు తెర మీద పెట్టింది. ఎడమ తలుపు తెర మీద సిమెంటు గోడ పెట్టింది.

"అరె, అటు!" అన్నాడు ఎవరో.

ఆ తర్వాత జరిగినదాన్ని వర్ణించడం కష్టం, ఎందుకంటే చాలా త్వరగా జరిగిపోయింది. ఉపమంత్రి విలేకరుల్ని దాటాడు. విలేకరులు కుర్చీల్ని దాటారు. రుకెట్ తన బరువంతా మరిచిపోయి ఎగిరాడు. ఎడమ తలుపు దగ్గరి పరిచారిక కూడా పిడి వదిలేసి పరిగెత్తింది. కుడి తలుపు తెరుచుకుంది, జారుడుబల్ల విచ్చుకుంది, విమానం ఖాళీ అయింది, తలుపు తన బరువుకి తానే మూసుకుంది. వైమానిక చరిత్రలో ఇంత వేగంగా జనం ప్రాణాలు దక్కించుకున్న దాఖలా లేదు. దక్కించుకుంటున్నామని వాళ్ళకు తెలియదు, అంతే.

కాసేపటికి చిన్న తెరలో మంట ఆరింది. ఎడమ తలుపు అంచు కరిగి, చల్లారిన మైనంలా వేలాడుతోంది.

ఎస్కూబె అప్పుడు గడియారం మీంచి తలెత్తి, కళ్ళల్లో నీళ్ళతో ఆమె దగ్గరికి వచ్చాడు. "తొంభై సెకన్లు ఇస్తే అందులో సగం కూడా పట్టలేదు ఆర్మెల్! సగం!"

"ముస్యూ, నిజంగా నిప్పు అంటుకుంది. ఎడమ తలుపు తెరిచి ఉంటే..."

"తెరవలేదుగా! జల్లెడ కాపాడింది. గాజు ఉండుంటే ఏమయ్యేది? అందరూ నిప్పు చూస్తూ కూర్చునేవాళ్ళు. మీ కళ్ళతో మీరే చూశారుగా. ఇక గాజు గొడవ వదిలేయండి."

ఆమె ఆయన అన్నదాంట్లో అబద్ధం ఎక్కడుందా అని వెతికింది. దొరకలేదు. అదే ఆమెను కలవరపెట్టింది.

"కాపాడింది జల్లెడ కాదు ముస్యూ. నేను అబద్ధం చెప్పాను. ఆ విందు బొమ్మ నేను పెట్టింది."

"బొమ్మా?" ఎస్కూబె కుడి తలుపు తెరవైపు చూశాడు. రొయ్యలు మంచు మీద మెరుస్తున్నాయి. "మరి అవేంటి?"

"చెప్పాను కదా. అక్కడ బల్ల లేదు. ఏమీ లేదు."

ఆయన ఆప్యాయంగా నవ్వాడు. "మీ నిరాడంబరత నాకు తెలియనిదా! ఇంత మంచి ఏర్పాటు చేసి, ఒక్క మాట కూడా చెప్పలేదు చూడండి." భద్రతా పత్రం ఆమె బల్ల మీద పెట్టి, కలం దాని మీద పెట్టాడు. "ఇది కానిచ్చేసి త్వరగా రండి. ఉపమంత్రిగారు భోజనప్రియులు, ఏమీ మిగల్చరు." కోటు సర్దుకుని, కుడి తలుపు తోసుకుని జారుడుబల్ల మీంచి మాయమయ్యాడు. తలుపు మూసుకుంది.

ఆర్మెల్ ఒక్కతే మిగిలింది.

బయటినుంచి సన్నగా కేకలు వినబడ్డాయి. తిట్టుకుంటున్నారో, గ్లాసులు తాకించుకుంటున్నారో ఆ మందపాటి గోడలోంచి తెలియడంలేదు. అక్కడ బల్ల లేదని ఆమెకు తెలుసు. ఆ బొమ్మ ఎప్పటిదో ఆమెకు తెలుసు. అందులో ఒక మూల, గ్లాసు పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడిన ఆడమనిషి తనే. కాని తెలియడం వేరు, చూసి తేల్చుకోవడం వేరు. చూడటానికి తలుపుకు గాజు లేదు, చిన్న తెర అటువైపు చూపదు. పైగా ఉపమంత్రి వచ్చిన రోజు. సంస్థవాళ్ళు తనకు చెప్పకుండా ఏదో ఒకటి ఏర్పాటు చేసి ఉండకూడదా? చెప్పకుండా చేయడం వాళ్ళకు కొత్తా? ఇంతకీ లోపలినుంచి అంతమంది వెళ్ళారు. ఒక్కరూ వెనక్కి రాలేదు.

పొద్దున్నుంచీ ఏమీ తినలేదన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

కలం తీసింది. ఆలస్యమైతే రొయ్యలు అయిపోతాయని, పూర్తి పేరు కూడా రాయకుండా గబగబా సంతకం చేసేసింది.